తాళంచెవిని మరిచిపోయిన బండి

కదిరి చేపల సంఘం. ఎర్రబండి రోజుపుస్తకం.
రాస్తున్నది: డ్రైవరు చౌడేశ్వరి.

వాన 9వ రోజు

స్టీరింగు ఉన్న బండి నడిపేవాళ్ళు ఏ రోజు సంగతి ఆ రోజు చేత్తో రాసిపెట్టాలని సంఘం నియమం. గీతరోడ్ల మీద, ఆ గీతను పట్టుకుని వాటంతట అవే తిరిగే దారిబండ్లకు ఈ బాధ లేదు. ఎక్కడికి వెళ్ళాయో, ఎంత బరువు మోశాయో, ఏ గుంటలో ఎంత కుదుపు తిన్నాయో అన్నీ అవే గుర్తుపెట్టుకుంటాయి. మా ఎర్రబండికి అంత తెలివి లేదు. నలభై ఒక్క ఏళ్ళ కిందట తయారైన లారీ ఇది. ఇప్పుడు కానుగనూనెతో నడుస్తుంది కాబట్టి ఏ ఊరికైనా మా కన్నా ముందు మా వాసన చేరుతుంది. అయినా గీత లేని రోడ్డు మీదికి, బురదలోకి, గుట్ట మీదికి వెళ్ళాలంటే ఈ చుట్టుపక్కల ఇదొక్కటే దిక్కు.

ఈ ఉదయం చినుకు లేదు. తాళం తిప్పగానే అద్దం మీద వైపర్లు ఆడడం మొదలుపెట్టాయి. స్విచ్చి చూస్తే ఆపేసే ఉంది. పక్క సీట్లో ఉన్న పేరయ్య చిన్నాయన కాసేపు వాటి వంక చూసి, వాన రాబోతుందని బండికి ముందే తెలిసిపోయినట్టుందన్నాడు. నిజంగానే పావుగంటలో వాన పడింది. అప్పుడు వైపర్లు ఆగిపోయాయి.

పేరయ్య చిన్నాయన మా చేపల మేస్త్రి. కోనసీమ సముద్రంలో కలిసిన ఏడాది పైకి వచ్చిన జనంలో ఒకడు. వయసు అరవై దాటింది. మా తాతల కాలంలో ఇక్కడి వాళ్ళు వాన కోసం మొగం వాచిపోయేవాళ్ళట. ఇప్పుడు ఏడాదికి ఏడు నెలలు వానే, ఎటు తిరిగినా చెరువే. కానీ చేపను ఎలా పెంచాలో మాకు తెలియదు, ముల్లు తీసి తినడం కూడా సరిగ్గా రాదు. అవి నేర్పడానికే సంఘం ఆయన్ని పెట్టుకుంది. ఆయన తనతో పాటు తన ఊరి చెరువులోని తల్లి చేపల్ని తొట్టిలో పెట్టుకుని వచ్చాడు. మేము ఊరూరా పోసే పిల్లలన్నీ వాటి సంతానమే.

ఇవాళ తనకల్లు వైపు రెండు చెరువుల్లో పిల్లల్ని వదిలాం. ఎడమవైపు ఇండికేటరు వేసినప్పుడల్లా హారను మోగుతోంది. దారిలో ఒక రైతు తనను పలకరిస్తున్నామనుకుని చెయ్యి ఊపాడు. మలుపు పెద్దది, హారను ఆగలేదు. ఆయన ఇంట్లో వాళ్ళందరినీ బయటికి పిలిచాడు. అందరూ చేతులు ఊపారు. మేమూ ఊపాం.

వాన 12వ రోజు

తలుపులు వాటంతట అవే తాళం వేసుకుంటున్నాయి. టీ తాగుదామని నేను దిగగానే టకటకమని మూసుకున్నాయి. తాళంచెవి లోపల ఉంది, చిన్నాయన లోపల ఉన్నాడు, ఇద్దరి అన్నం గిన్నెలూ లోపలే ఉన్నాయి. ఆయన అన్ని మీటలూ లాగి చూశాడు. అద్దం కూడా దిగలేదు. ముప్పావుగంట తరువాత తలుపులు వాటికి బుద్ధి పుట్టినప్పుడు తెరుచుకున్నాయి. అప్పటికి నా గిన్నె కూడా ఖాళీ అయింది. ఏం తోచక తిన్నానని చెప్పాడు.

నవ్వుకున్నాం గానీ, సాయంత్రం సంఘంలో చెప్పాను, బండిని ఎవరికైనా చూపించాలని. మల్లెలగుట్ట పని అయ్యాక చూద్దామన్నారు. నేనూ సరేనన్నాను. ఆ మాట ఇక్కడ రాసిపెట్టడం నా బాధ్యత.

వాన 15వ రోజు

మల్లెలగుట్టకు వెళ్ళాం. గుట్ట మీద అరవై ఇళ్ళ ఊరు. ఊరివాళ్ళు మూడేళ్ళు మట్టి మోసి కట్టుకున్న చెరువు ఈ ఏడే మొదటిసారి నిండింది. గీతరోడ్డు వాళ్ళ గుట్ట కిందనే ఆగిపోయింది.

నాలుగు తొట్లలో పన్నెండు వేల పిల్లలు. తొట్లలో నీళ్ళకు గాలి కొట్టే పంపు బండి కరెంటుతోనే నడుస్తుంది. ఘాటురోడ్డు మొదట్లో వాన విపరీతంగా పట్టుకుంది. వైపర్లు వేశాను. ఈసారి బుద్ధిగా పనిచేశాయి, సంతోషించాను. వైపర్లు తిరిగినంతసేపూ వెనక పంపు ఆగిపోయి ఉందని నాకు తెలియదు. వాన చప్పుడులో పంపు చప్పుడు లేని సంగతి ఇద్దరికీ వినిపించలేదు.

పైకి చేరి మూత తీస్తే మూడు తొట్లలో పిల్లలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. నాలుగో తొట్టిలో కొన్ని నోళ్ళు తెరుస్తూ పైపైన తిరుగుతున్నాయి. చిన్నాయన చొక్కా విప్పి తొట్టిలో దిగి, రెండు చేతులతో నీళ్ళు ఎగరగొట్టడం మొదలుపెట్టాడు. నేనూ దిగాను. గంటసేపు అలా కొడితే ఐదు వందల దాకా బతికాయి. వాటిని మాత్రం చెరువులో వదిలాం.

ఊరంతా డప్పు తీసుకుని వచ్చింది మా కోసం. ఎవరూ దాన్ని మోగించలేదు. చెరువుకు పెద్ద, తిప్పమ్మ అనే ఆవిడ మా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"పోయినవి పోయినాయి పాపా," అంది. "పొద్దున్నుంచీ మీకోసం వండి పెట్టినాము. తడిసిపోయినారు, ముందు రాండి, తినండి."

రాగిసంగటి, చింతాకు పప్పు. ఆవిడ పక్కనే కూర్చుని, నేను తినేదాకా లేవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు చిన్నాయన ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

వాన 16వ రోజు

నర్సరీ కుంటలో ఇంకొక్క విడత పిల్లలున్నాయి, అంతే. ఈ ఏడు తల్లి చేపలు మళ్ళీ గుడ్లు పెట్టవు. సంఘం కార్యదర్శి పొద్దున్నే సమావేశం పెట్టాడు. కుంటలో పిల్లలు పెరిగి ఇరుకైపోతున్నాయి కాబట్టి ఇరవై ఐదో రోజు లోపల ఎర్రబండి బాగైతే అవి మల్లెలగుట్టకు, కాకపోతే దారిబండి వెళ్ళగలిగే ఊళ్ళకు అని తేల్చేశారు. తప్పనలేను. దారిబండి పిల్లల్ని చంపదు.

మధ్యాహ్నమంతా బండి కింద, బండి లోపల వెతికాను. ముందు సీటు ఎడమ వైపు కాళ్ళ దగ్గర రేకు మూత ఉంటుంది. దాని వెనక ఒక నల్ల డబ్బా. లైట్లు, వైపర్లు, హారను, తలుపులు, వెనక పంపుకు కరెంటు, అన్నిటి తీగలూ ఆ డబ్బాలోకే వెళ్తాయి. డబ్బా ఊడదీసి వంచితే గరిటెడు నీళ్ళు కారాయి. తీగలు తగిలించే సూదుల మీద పచ్చటి చిలుం పట్టింది. ముందు అద్దం చుట్టూ రబ్బరు చీలి, పోయిన ఏడు వానల నుంచీ నీళ్ళు చుక్కచుక్కగా దాని మీదే పడుతున్నాయి.

ఆ సీట్లో కూర్చునేది చిన్నాయన. ఎప్పుడైనా తడి తగిలిందా అని అడిగాను. వారం నుంచి ఎడమ కాలు తడిగానే ఉంటోందని చెప్పాడు. నాకెందుకు చెప్పలేదంటే, ఊళ్ళో ఉన్నప్పుడు రెండు కాళ్ళూ తడిగానే ఉండేవి కాబట్టి అదేమీ కొత్తగా అనిపించలేదన్నాడు. నిన్నటి నుంచి నేను నవ్వడం అదే మొదలు.

చిలుం తుడిచి, డబ్బాను పొయ్యిగట్టు మీద ఆరబెట్టి, మళ్ళీ బిగించాను. బండి అరగంట చక్కగా నడిచింది. తరువాత ఆపి మళ్ళీ తాళం తిప్పితే ఇంజను పలకలేదు. ఎదురుగా తాళంచెవి గుర్తున్న ఎర్ర దీపం వెలుగుతూ ఆరుతూ ఉండిపోయింది. పన్నెండేళ్ళుగా ఈ తాళంచెవి నా దగ్గరే ఉంది. ఇప్పుడు బండి దాన్ని ఎరగనంటోంది.

వాన 18వ రోజు

పాత బైపాసు దగ్గర కాశింబీ అవ్వ ఉంది. డెబ్బై నాలుగేళ్ళు. లారీల కరెంటు పని తెలిసిన మనుషుల్లో మిగిలింది ఆవిడ ఒక్కతే. మోకాళ్ళ నొప్పులతో తాను రాలేనని, బండినే తెమ్మని కబురు పెట్టింది. దారిబండిని లాగమని అడిగితే, అది తన పనుల పట్టీలో లేదని చెప్పి వెళ్ళిపోయింది. చివరికి మూడు జతల ఎద్దుల్ని కట్టాం. బండి తెచ్చేటప్పుడు హారను దానంతట అది మోగడం మొదలుపెట్టింది. ఎద్దులు బెదిరి, రెండు కిలోమీటర్ల దారి పది నిమిషాల్లో పరుగెత్తాయి. బ్యాటరీ తీగ ముందే ఊడదీయాల్సిందని అవ్వ నన్ను మొదటి మాటగా తిట్టింది.

డబ్బా మూత విప్పి, భూతద్దం కన్నుకు పెట్టుకుని చాలాసేపు చూసింది. దాని పేరు బాడీ మాడ్యూల్ అట. లోపల పలక మీద సన్నటి రాగిదారులు చాలా చోట్ల చిలుము తినేసి తెగిపోయాయి, ఇక బాగుచేయడానికి పనికిరాదంది. తన గోడౌన్లో వెతికించింది. నేనూ, చిన్నాయనా పాత సామాను అంతా తిరగేసి, సాయంత్రానికి అదే రకం డబ్బా ఒకటి పట్టుకున్నాం. అది ఒకప్పుడు మునిసిపాలిటీ చెత్తబండిలో ఉండేదట.

బిగిస్తే అయిపోతుంది కదా అన్నాను. అంత సుళువు కాదని అవ్వ చెప్పింది. తాళంచెవి లోపల చిన్న బిళ్ళ ఉంటుంది. తాళం తిప్పగానే డబ్బా ఆ బిళ్ళను నువ్వెవరని అడుగుతుంది. సరైన జవాబు వస్తేనే ఇంజనుకు సరేనని చెబుతుంది. చెత్తబండి డబ్బాకు చెత్తబండి తాళమే తెలుసు, మా ఇంజను పేరు కూడా తెలియదు. బండ్లు చేసిన కంపెనీ ఉన్న రోజుల్లో వాళ్ళ మనిషి ఎక్కడో కూర్చుని మీట నొక్కితే కొత్త డబ్బాకు అన్నీ నేర్పేవాళ్ళు. ఇప్పుడు నొక్కేవాళ్ళు లేరు. అందుకని పాత డబ్బాలో జ్ఞాపకాలుండే ముక్కను ఊడదీసి, కొత్త డబ్బాలో అతికించాలి. వేరుశనగ బద్దలో సగం ఉంటుంది ఆ ముక్క. అతికించడానికి దానికి ఎనిమిది రేకు కాళ్ళు.

వాన 19వ రోజు

పొద్దున్నే మొదలుపెట్టాం. మబ్బుకు షెడ్డులో వెలుతురు చాలదు. చిన్నాయన గుమ్మం దగ్గర నిలబడి, స్టీలు పళ్ళెం ఎండకు పట్టినట్టు మబ్బుకు పట్టి, ఉన్న కాస్త వెలుగునూ బల్ల మీదికి మళ్ళించాడు.

అవ్వ ముందు చెత్తబండి డబ్బాలోని ముక్కను తీసి చోటు శుభ్రం చేసింది. తరువాత మాది. కాళ్ళ దగ్గర సీసం కరిగించి పట్టకారుతో మెల్లగా లేపింది. ఏడు కాళ్ళు లేచాయి. ఎనిమిదో దాన్ని చిలుము లోపలి దాకా తినేసి ఉంది. ముక్క చేతికి వచ్చింది, ఆ కాలు మాత్రం పలక మీదే ఉండిపోయింది.

అవ్వ ముక్కను తెల్లగుడ్డ మీద పెట్టి, లేచి వెళ్ళి టీ కాచింది. ముగ్గురం తాగాం. నేను మల్లెలగుట్ట గురించే ఆలోచిస్తున్నాను. పన్నెండు వేల పిల్లలకు నేను ఒకసారి పంపు ఆపాను. ఇప్పుడిక వెళ్ళి ఆ తిప్పమ్మకు ఏం చెప్పను?

అవ్వ గ్లాసు కింద పెట్టి, నేను ఈ లారీ ఎక్కకముందు ఏం చేసేదాన్నని అడిగింది. ధర్మవరంలో మగ్గం అని చెప్పాను. మాది నేతవాళ్ళ ఇల్లు. పద్దెనిమిదేళ్ళ వయసు నుంచీ పదకొండేళ్ళు పట్టు నేశాను.

"అయితే నువ్వే చెయ్యి," అంది. "ఆ కాలు లోపల మొదలు మిగిలే ఉంటాది. పెంకు గీకితే కనపడతాది. దానికి సన్నతీగ అతకల్ల. నా చేతులొణుకుతాండాయి పాపా, పోయినేడు అయింటే నేనే చేసుందును."

పట్టుపోగు వేరు, ఇది వేరు అన్నాను. పాడైతే ఇక దారి లేదు.

"తెగిన పోగు ఎన్నిసార్లు అతికించినావు?"

లెక్కలేనన్ని సార్లు అన్నాను.

"ఇదీ పోగే. కాకపోతే కొంచెం లావు."

పాత ఇయర్‌ఫోను తీగ చీల్చి, లోపలి వెంట్రుకలాంటి రాగిపోగు ఒకటి తీసుకున్నాను. దాని పైపూత అగ్గిపుల్లతో కాల్చి తుడిచాను. బ్లేడు మొనతో ముక్క అంచున నల్లటి పెంకును గీకడం మొదలుపెట్టాను. ఒక్కో గీత తరువాత అవ్వ అద్దంలోంచి చూసి, ఇంకా అనేది. ఎక్కువ గీస్తే లోపలి గుండె తెగుతుంది. ఎంతసేపు గీశానో తెలియదు. చిన్నాయన చేయి మార్చి మార్చి పళ్ళెం పట్టుకున్నాడు, ఒక్కసారి కూడా దించలేదు. చివరికి ఆవగింజలో పదోవంతు ఉండే మెరుపు చుక్క ఒకటి కనిపించింది.

మగ్గం మీద పోగు అతికేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. బిగబడితే వేళ్ళు అదురుతాయి. మా అమ్మ చెప్పేది, మెల్లగా వదులుతూ, సగం వదిలినప్పుడు అతకమని. అలాగే చేశాను. సీసం చుక్క తళుక్కుమని అంటుకుని నిలిచింది.

అవ్వ మీటరు సూదులు పెట్టి చూసింది. మీటరు కూసింది, అంటే అతుకు కుదిరినట్టే. అది వినగానే చిన్నాయన పళ్ళెం కింద పెట్టేసి, రెండు భుజాలూ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు.

వాన 20వ రోజు

మిగతా ఏడు కాళ్ళూ అవ్వే అతికించింది. వాటికి తన చేతులు చాలునంది. ముక్క మీద, తీగ మీద మైనం పూశాం. ఈసారి డబ్బాను కాళ్ళ దగ్గర పెట్టకుండా, సీటు వెనక ఎత్తులో బిగించాను. ముందు అద్దం ఊడదీసి పాత రబ్బరు పారేసి, పడవలకు వేసే రబ్బరు పట్టీ కోసి అమర్చాను. రబ్బరు మార్చకుండా డబ్బా మారిస్తే రెండేళ్ళలో మళ్ళీ ఇదే కథ అని అవ్వ నాతో మూడుసార్లు అంది. నాకు ఒక్కసారికే అర్థమైంది.

ఇంకో మంచి పని కూడా చేసింది. చెత్తబండిలో బరువైన చెత్తకుండీలు ఎత్తే మిషనుకు కరెంటు ఇవ్వడానికి ఆ డబ్బాలో ఒక లావుపాటి దారి ఉంది. మా గాలిపంపు తీగను దానికి కలిపింది. వైపర్లకూ పంపుకూ ఇక సంబంధం లేదు.

బ్యాటరీ తగిలించాం. నన్ను ఎక్కి తాళం తిప్పమన్నారు. ఎర్ర దీపం వెలిగింది, ఆరింది, వెలిగింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఇంజను పలికింది. కళ్ళు తెరిస్తే దీపం లేదు. షెడ్డంతా కానుగ పొగ. చిన్నాయన దగ్గుతూ నవ్వుతున్నాడు.

వెనక్కి తీద్దామని రివర్సు గేరు వేశాను. బండి వెనకున్న రివర్సు స్పీకరులోంచి ఒక ఆడమనిషి గొంతు గట్టిగా పాట అందుకుంది. అక్కలారా, చెత్తబండి వచ్చింది, బుట్టలు తీసుకుని రండి అని. చెత్తబండి డబ్బాతో పాటు దాని పాట కూడా వచ్చేసింది. బైపాసు పక్క ఇళ్ళలోంచి ముగ్గురు ముసలివాళ్ళు బుట్టలతో బయటికి వచ్చారు. ముప్పై ఏళ్ళుగా ఆ పాట వినలేదట. వాళ్ళ బుట్టలు తీసుకోక తప్పలేదు.

పాట ఉన్నది వేరే ముక్కలో, తీసేయాలంటే డబ్బా మళ్ళీ విప్పాలని అవ్వ చెప్పింది. వద్దన్నాను.

ఏమివ్వాలని అడిగితే, చేప కూర ఎలా వండాలో పేరయ్య వచ్చి చేసి చూపించాలంది.

వాన 22వ రోజు

తొట్లలో నీళ్ళు, ఒక్కో తొట్టిలో వంద పిల్లల్ని పోసుకుని, వానలో నాలుగు గంటలు ఊరి చుట్టూ తిరిగాం. వైపర్లు, లైట్లు, ఇండికేటర్లు, హారను, అన్నీ ఒకేసారి వేసి చూశాను. చిన్నాయన గొడుగు పట్టుకుని వెనక తొట్టి దగ్గర కూర్చుని, నాలుగు గంటలూ చెయ్యి నీళ్ళలోనే పెట్టుకున్నాడు. దిగేటప్పటికి వేళ్ళు నాని ముడతలు పడ్డాయి. నాలుగు వందలకు నాలుగు వందలూ ఉన్నాయి. కార్యదర్శి స్వయంగా లెక్కపెట్టి, రేపు కాదు, ఎల్లుండి బయలుదేరమన్నాడు. నన్ను ఒక రోజు నిద్రపొమ్మని చెప్పాడు.

వాన 24వ రోజు

ఈ రోజు సంగతి మొత్తం రాస్తాను.

తెల్లవారి వెలుతురు వచ్చాక బయలుదేరాం. పదకొండు వేల ఎనిమిది వందల పిల్లలు. సగం బొచ్చె, సగం శీలావతి. ఘాటు మొదట్లో, పోయినసారి పట్టుకున్న చోటే వాన పట్టుకుంది. వైపర్లు వేయడానికి నా చెయ్యి రాలేదు. అద్దం మీద నీళ్ళు ధారగా కారుతున్నా అలాగే పోనిచ్చాను. చిన్నాయన చెయ్యి చాపి, తనే స్విచ్చి వేశాడు.

నేను బండి ఆపి, దిగి, వెనక్కి వెళ్ళి చూశాను. పంపు నడుస్తోంది. తొట్టినిండా బుడగలు. ఒక కిలోమీటరు వెళ్ళి మళ్ళీ ఆపి చూశాను. ఐదోసారి ఆపబోతుంటే ఆయన నా వైపు తిరిగాడు.

"అమ్మడూ, నువ్విలా ఆపుకుంటా పోతే అయ్యి దారిలోనే పెద్దయిపోతాయ్. పోనియ్యి."

ఇంకో మలుపు తిరిగాక మళ్ళీ అన్నాడు. "ఆ రోజు నీ తప్పేం లేదు. పంపు సప్పుడు ఇనాల్సింది నేను. నా సెవులు, నా సేపలు. అప్పుడే సెప్దావనుకున్నాను, నోరు రాలేదు."

ఆ రోజు ఆయన మౌనానికి తొమ్మిది రోజులుగా నేను అనుకుంటున్న అర్థం వేరు. గేరు మార్చాను. ఆ తరువాత ఎక్కడా ఆపలేదు.

ఊరి చివర కట్ట దాకా దారి సన్నం. బండి తిప్పడానికి చోటు లేదు. తొట్లు నీళ్ళ వైపు ఉండాలంటే రెండు వందల గజాలు వెనక్కి నడపాలి. రివర్సు వేశాను. పాట మొదలైంది. వానలో ఆ గొంతు గుట్టంతా మోగింది. ఇళ్ళలోంచి పిల్లలు పరుగెత్తుకొచ్చారు. ఆ వెనక పెద్దవాళ్ళు. కొంతమంది ముసలమ్మలు నిజంగానే బుట్టలతో వచ్చారు. వాళ్ళ ముందు తిప్పమ్మ.

"చేపలు తెస్తారనుకుంటే చెత్తకొచ్చినారా మీరు?" అంది.

కింద పడేదాకా నవ్వాం అందరం. అప్పటికి ఊరు ఊరంతా కట్ట మీద ఉంది. బుట్టలు ఇళ్ళలో పెట్టి బిందెలు తెమ్మని చిన్నాయన పురమాయించాడు.

మూతలు తీసేటప్పుడు జనం తొట్ల దగ్గరికి జరిగారు. పోయినసారి చూసినవాళ్ళే అందరూ. మొదటి తొట్టి మూత నేనే తీశాను. నీళ్ళలో నల్లటి వీపులు ఒక్కసారిగా పక్కకు తిరిగి, అటునుంచి ఇటు పారాయి. రెండోది, మూడోది, నాలుగోది. నాలుగు తొట్లలో కలిపి చచ్చినవి ముప్పై ఏడు. వాటిని దోసిట్లో పట్టుకుని చూపిస్తే, తిప్పమ్మ అంతేనా అని రెండుసార్లు అడిగింది. అంతేనన్నాను. ఎవరో డప్పు మీద ఒక దెబ్బ వేశారు. చిన్నాయన చెయ్యెత్తి ఆపాడు.

వెంటనే గుమ్మరించకూడదట. తొట్టి నీళ్ళ వేడి వేరు, చెరువు నీళ్ళ వేడి వేరు. బిందెల్లోకి పిల్లల్ని తీసి, బిందెలు చెరువులో తేలేలా పట్టుకుని, చెరువు నీళ్ళు ఒక్కో దోసెడు పోస్తూ అలవాటు చేయాలి. నడుము లోతు నీళ్ళలో అరవై ఇళ్ళ మనుషులు వరసగా నిలబడి, చంటిబిడ్డను పట్టుకున్నట్టు బిందెలు పట్టుకున్నారు. నేను తిప్పమ్మ పక్కన నిలబడ్డాను. వాన మా నెత్తిన పడుతూనే ఉంది. ఆవిడ బిందెలోకి వంగి చూస్తూ, వాటికి పళ్ళుంటాయా, కరుస్తాయా, ఏం తింటాయి, మనల్ని గుర్తుపడతాయా అని ఒకటే ప్రశ్నలు. సగం నాకు తెలియదు. తెలిసినట్టే చెప్పాను.

చాలాసేపటికి చిన్నాయన ఇక వంచమన్నాడు. బిందెలన్నీ ఒకేసారి వంగాయి. పిల్లలు ఒక క్షణం మా కాళ్ళ చుట్టూనే గుంపుగా నిలిచాయి. తరువాత లోతు వైపు చీలిపోయాయి. వాన చుక్కలకూ, చేప కదిలిన చోటుకూ తేడా చిన్నాయన చూపిస్తే తెలిసింది. అప్పుడు డప్పు మొదలైంది. ఈసారి ఆయన ఆపలేదు.

అన్నాలయ్యాయి. చీకటి పడేలోగా ఘాటు దిగాలని నేను బండి దగ్గరికి వచ్చాను. చిన్నాయన రాలేదు. వెతికితే కట్ట చివర రాయి మీద ఒంటరిగా కూర్చున్నాడు, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని. పక్కన కూర్చున్నాను. తన ఊరి పేరు సీతాలంక అని చెప్పాడు. ఇన్నేళ్ళ స్నేహంలో ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. అక్కడి చెరువు వాళ్ళ నాన్న కాపలా కాసిన చెరువట. నీళ్ళు పైకొచ్చిన రోజు ఇల్లు, వల, పడవ వదిలేసి, ఆరు తల్లి చేపల్ని మాత్రం తొట్టిలో వేసుకుని బయలుదేరాడట. ఇవాళ వదిలినవి ఆ ఆరింటి పిల్లలే. ఇంతకుముందు ఎన్నో చెరువుల్లో వదిలాం గదా అన్నాను. అవన్నీ వ్యాపారానికి పట్టుకునే చెరువులన్నాడు. ఈ ఊరివాళ్ళు మూడేళ్ళ దాకా వల వేయబోమని, చేప పెరిగి గుడ్లు పెట్టనిస్తామని మాటిచ్చారట. తిప్పమ్మ అన్నాల దగ్గర చెప్పిందట.

చీకటవుతోంది, పోదాం పద చిన్నాయనా అన్నాను.

ఆయన నీళ్ళ మీద నుంచి చూపు తిప్పలేదు.

"నువ్వు ఎల్లిరా అమ్మడూ. ఈటికి ఈ ఊరు అలవాటయ్యేదాకా నేనిక్కడే ఉంటాను. తిప్పమ్మ గది సూపిత్తానంది."

ఆయన సంచీ, గొడుగు బండిలోంచి తెచ్చి రాయి మీద పెట్టాను. ఘాటు ఒక్కదాన్నే దిగాను.